పుస్తకాలు పోగుచేసే ముందు

ప్రశ్న: మా ఊరి ప్రభుత్వ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు తక్కువ. కొందరం కలిసి సహాయ సంఘం పెట్టి, ఇంటింటా పాత పుస్తకాలు పోగుచేసి ఇద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: ముందు గ్రంథపాలకుణ్ణి కలిసి, పాఠకులు ఏ పుస్తకాలు అడుగుతున్నారో, బీరువాల్లో చోటెంతుందో కనుక్కోండి. పోగుచేసినవి నేరుగా తీసుకెళ్లి అక్కడ దించకండి. పుస్తకం ఒకసారి రిజిస్టరులోకి ఎక్కితే ప్రభుత్వ ఆస్తి అయిపోతుంది. తర్వాత పనికిరాదని తీసెయ్యాలంటే పైవాళ్ల అనుమతి కావాలి. అందుకని ఏరివేత మీ దగ్గరే జరగాలి.

అట్ట ఊడినా పేజీలన్నీ ఉంటే బైండింగ్ చేయించొచ్చు. బూజు వాసన వచ్చేవీ, పురుగు చిల్లులున్నవీ వద్దేవద్దు. అలాంటిది ఒక్కటి చేరినా బీరువా మొత్తానికి పాకుతుంది. సిలబస్ మారిపోయిన గైడ్లు పాత కాగితాల కొట్టుకే.

మిగిలినవాటిలో గ్రంథాలయం అడిగినవి పక్కన పెట్టి, తక్కినవి అమ్మకానికి పెట్టండి. వానాకాలం పోయాక అయితే మేలు. తెలుగు, ఒడియా బల్లలు వేరువేరుగా వెయ్యండి. ధర లోపలి పేజీ మూలన పెన్సిల్‌తో రాయాలి. స్టిక్కరు అంటిస్తే తీసేటప్పుడు కాగితం లేచిపోతుంది. వచ్చిన డబ్బుతో పాఠకులు అడిగిన కొత్త తెలుగు పుస్తకాలు కొనండి. పాత పుస్తకాల కుప్ప కంటే అవే ఎక్కువ చేతులు మారతాయి.

సరిహద్దు జిల్లాల్లో అసలు చిక్కు ఇంకోటుంది. గ్రంథాలయ సిబ్బందికి తెలుగు చదవడం రాకపోతే మీరిచ్చినవి నమోదు కాకుండా కట్టల్లోనే ఉండిపోతాయి. నమోదు కాని పుస్తకాన్ని ఇంటికివ్వరు. కాబట్టి పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, వెల తెలుగులో రాసి, పేరూ రచయితా ఒడియా లిపిలో కూడా పక్కనే రాయండి. ఈ జాబితా రెండు ప్రతులు తీసి, మీ ప్రతి మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. రెండు లిపులూ బాగా వచ్చినవారు మీ సంఘంలో ఒక్కరైనా ఉండి తీరాలి. చందాలు తెచ్చేవాళ్లు దొరుకుతారు, ఈ పనికి ఓపికున్నవాళ్లే అరుదు.

ప్రశ్న: చందాలు వసూలు చెయ్యడానికి రిజిస్ట్రేషన్ కావాలా?
– ఒక పాఠకుడు, గుణుపురం (ఒడిశా)

జవాబు: చేయించుకోవడమే మంచిది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం 7 మంది సభ్యులుండాలి. ఉద్దేశాల పత్రం, నియమావళి సమర్పించాలి. ఆ తర్వాత సంఘం పేరనే బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీసేలా పెట్టండి. ఒక్కరి సొంత ఖాతాలో చందా వేస్తే అది ఆయన ఆదాయమా, సంఘానిదా అన్న పేచీ వస్తుంది. ఎంత మంచి మనిషైనా అనుమానం తప్పదు.

రసీదు పుస్తకానికి వరస నంబర్లు, కార్బన్ ప్రతి ఉండాలి. తప్పు రాసిన రసీదు చింపెయ్యకుండా ‘రద్దు’ అని రాసి అందులోనే ఉంచండి. దాతలకు పన్ను మినహాయింపు ఇప్పించాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. అది వచ్చినా ₹2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు వర్తించదు. పెద్ద మొత్తమైతే చెక్కు గానీ యూపీఐ గానీ అడగండి.