వంటావిడ భర్త గ్రీన్‌కార్డుకు నేను హామీ సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. నేను అమెరికా పౌరుణ్ని. మా వంటగదిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మెక్సికో ఆవిడకూ పౌరసత్వం వచ్చింది. భర్త ప్యూబ్లాలో ఉన్నారు, ఇద్దరు పిల్లలు ఇక్కడే. ఆయన గ్రీన్‌కార్డుకు తన ఆదాయం చాలదని, ఐ-864 అనే హామీ పత్రం మీద ఉమ్మడి హామీదారుగా సంతకం పెట్టమని నన్ను అడిగింది. గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 36 గంటలు పనిచేస్తుంది. ఆదివారాలు ఇళ్లు శుభ్రం చేసి 120 డాలర్లు నగదుగా తీసుకుంటుంది, వాటిని ట్యాక్స్ రిటర్నులో చూపలేదు. టాండాలో, అంటే వాళ్ల చీటీలో, 5,000 డాలర్లు రాబోతున్నాయి. పెయింటింగ్ పని చేసే తమ్ముడు వాళ్ల ఇంట్లోనే ఉంటాడు, ఏడాదికి 26,000 దాకా సంపాదిస్తాడు. వీధి చివర ఒక ‘నోటారియో’ ఫారాలు నింపుతున్నాడట. వచ్చే ఏడాది గుంటూరు నుంచి మా అమ్మానాన్నలకూ గ్రీన్‌కార్డుకు పెట్టాలి. నా భార్య సంతకం వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పటికైతే మీ భార్య మాటే వినండి. అయితే ఆవిడను ఊరికే కాదని పంపేయకండి. మీ ఉత్తరంలోని అంకెలు చూస్తే, మీ సంతకం లేకుండానే పని జరిగేలా ఉంది.

ముందు ఆ కాగితం సంగతి. ఐ-864 అంటే మనిషి మంచివాడని రాసిచ్చే ఉత్తరం కాదు, ప్రభుత్వంతో రాసుకునే ఒప్పందం. ఆవిడ భర్త ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గితే ఆ లోటు మీరు పూడ్చాలి. పూడ్చకపోతే ఆయనే మీ మీద దావా వేయవచ్చు. ఆదాయ పరిమితిని బట్టి ఇచ్చే కొన్ని సంక్షేమ సాయాలు ఆయన తీసుకుంటే, ఆ సొమ్ము మీ నుంచి రాబట్టే హక్కు ప్రభుత్వ శాఖలకు ఉంది. ఆయనకు పౌరసత్వం వచ్చేదాకా, లేదా 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్లు, లెక్కకొచ్చేదాకా ఇది మిమ్మల్ని వదలదు. ఆయన శాశ్వతంగా దేశం విడిచి వెళ్లినా, హామీదారు లేదా ఆయన చనిపోయినా ముగుస్తుంది. విడాకులతో మాత్రం ముగియదు. వాళ్లిద్దరూ విడిపోయినా మీరు ఆయన నుంచి విడిపోలేరన్నమాట! ఒళ్లు వంచి పనిచేసే మనిషి వచ్చి ఉద్యోగంలో చేరితే మీ దాకా ఏదీ రాకపోవచ్చు. కానీ సంతకం చేసేవాళ్లు ఆలోచించాల్సింది ప్రమాదం, జబ్బు, విడాకుల గురించే.

మీ అమ్మానాన్నల విషయంలోనూ దీని బరువు పడుతుంది. ఈయనకు గ్రీన్‌కార్డు వచ్చాక, మీరు రేపు వాళ్లకు హామీ ఇచ్చేటప్పుడు ఈయననూ మీ కుటుంబ లెక్కలో కలపాలి. మీరు నలుగురైతే ఈయన, మీ అమ్మానాన్నలతో కలిపి ఏడుగురు. 2025 లెక్కన 60,812 డాలర్ల ఆదాయం చూపాలి. హోటల్ అమ్మకాలు కాదు, ఖర్చులు పోగా రిటర్నులో మిగిలినది. ఆడిటర్‌తో చెప్పి లాభం తగ్గించుకునే మన అలవాటు సరిగ్గా ఇక్కడే ఎదురుతిరుగుతుంది.

ఇక ఆవిడ లెక్క. వాళ్లు భర్తతో కలిపి నలుగురు కాబట్టి అదే 2025 లెక్కన 40,187 డాలర్లు కావాలి. మీరిచ్చే జీతం ఏడాదికి 28,080. చాలదు. కానీ తమ్ముడు ఒకే ఇంట్లో ఉంటున్నాడు కదా, అతను ఇంట్లోవాళ్లు పెట్టే ఐ-864ఏ ఫారం మీద సంతకం పెడితే అతని ఆదాయాన్ని కలుపుకోవచ్చు. అప్పుడు లెక్క అయిదుగురిది అవుతుంది, గీత 47,062కు పెరుగుతుంది. అయినా ఇద్దరిదీ కలిపితే 54,080, దాటేశారు. ఒక్క అనుమానం: పెయింటర్లకు తరచూ కాంట్రాక్టు పద్ధతిలో చెల్లిస్తారు. ఆ 26,000 రంగులు, నిచ్చెనలు, వ్యాన్ ఖర్చులు పోగా మిగిలినదేనా? రిటర్ను తెప్పించి చూడండి. బాధ్యత అతని మీదా పడుతుందని కూడా ముందే చెప్పండి. అయినా ఆ బరువు బావ కోసం బావమరిది మోయడం సబబు, యజమాని మోయడం కాదు.

తమ్ముడి అంకె తేడా వస్తే, అప్పుడు మీరు చేయగల సాయం ఉంది. 40 గంటల పని, గంటకు 16.50 ఇస్తే జీతం 34,320 అవుతుంది. ఆదివారాల నగదును నిజాయితీగా చూపిస్తే మరో 6,000 దాకా కలుస్తుంది. 2025 నాటి నలుగురి గీత అంచుకు చేరుతుంది. పాత రిటర్నులను 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో సవరించుకోవాలి, స్వయం ఉపాధి పన్ను సుమారు 15.3 శాతం కట్టాలి. చేదుగానే ఉంటుంది, కానీ సోషల్ సెక్యూరిటీలో ఆవిడ ఖాతాకు కూడా ఆ ఆదాయం చేరుతుంది. భర్త ఇంటర్వ్యూ సియుదాద్ హువారెస్ కాన్సులేట్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లేలోపే ఈ సవరణ పూర్తి కావాలి. ఏటా పేదరిక రేఖ పెరుగుతుంది కనుక దాఖలు చేసే రోజు ఆదాయ పరిమితులుండే ఐ-864పీ పట్టిక చూసుకోండి.

టాండా అంటే, వేలంపాట లేని మన చీటీ లాంటిదే. వంతు వచ్చినప్పుడు తన డబ్బే తనకు చేతికొస్తుంది కాబట్టి అది ఆదాయం కాదు. బ్యాంకులో వేస్తే ఆస్తిగా చూపవచ్చు. పౌరురాలి భర్తకు లోటు కంటే మూడు రెట్ల ఆస్తి ఉండాలి. అంటే 5,000తో పూడేది 1,666 డాలర్ల లోటే.

ఆ ‘నోటారియో’ దగ్గర నుంచి ఫైలు వెంటనే వెనక్కి తీసుకోమనండి. మెక్సికోలో ఆ పేరు న్యాయశాస్త్రం చదివిన పెద్ద అధికారిది. టెక్సస్‌లో నోటరీ చేసేది సంతకానికి సాక్ష్యం ఇవ్వడం మాత్రమే, పైగా ఆ స్పానిష్ బిరుదు పెట్టుకుని ప్రచారం చేయడాన్ని ఇక్కడి చట్టం నిషేధించింది. లాయర్ ఫీజు భారమైతే, న్యాయ శాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉండే స్వచ్ఛంద సంస్థలు తక్కువ ఖర్చుతో చేసిపెడతాయి.

ఆవిడ ప్యూబ్లాకు డబ్బు కౌంటర్‌లో నగదు ఇచ్చి పంపుతుంటే, 2026 జనవరి 1 నుంచి దాని మీద 1 శాతం పన్ను పడుతోంది. బ్యాంకు ఖాతా నుంచో, ఇక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే పడదు. పాత రసీదులు మాత్రం పారేయవద్దనండి. కాపురం నిజమైనదని చూపడానికి అవీ పనికొస్తాయి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మీరే పెడతానంటే, వీసా మంజూరు కాకముందు వరకే సంతకం వెనక్కి తీసుకోగలరు. ఆ తర్వాత మీరు ఇల్లు మారిన ప్రతిసారీ 30 రోజుల్లో చిరునామా మార్పు తెలిపే ఐ-865 ఫారం పంపాలి, లేకపోతే జరిమానా.