పాత ట్యూబ్ ఆంప్‌లో క్లాసిక్ రాక్ టోన్ కోసం ఏం మార్చాలి?

అమెరికా నుంచి హైదరాబాద్‌కు తెచ్చిన పాత ఫెండర్ కంపెనీ ట్యూబ్ ఆంప్‌లో (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్) 70ల రాక్ టోన్ తెప్పించవచ్చా అని అడిగారు. తెప్పించవచ్చు. ముందు కరెంటు సంగతి చూడండి. అది సుమారు 120 వోల్టులకు చేసింది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే ఇక అంతే సంగతులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. పాత ఫిల్టర్ కెపాసిటర్లు మార్పిస్తే చాలాసార్లు గుయ్యిమనే హమ్ కూడా పోతుంది.

ఇక టోన్. 70ల రాక్ టోన్ అనగానే గుర్తొచ్చేది బ్రిటిష్ కంపెనీ మార్షల్ ఆంప్‌లు. మార్షల్ తొలి ఆంప్ జేటీఎం45 పుట్టిందే ఫెండర్ వాళ్ల బాస్‌మన్ అనే ఆంప్ సర్క్యూట్ నుంచి. కాబట్టి మీరు వెళ్లాల్సిన దూరం తక్కువే. ఫెండర్లలో మొదటి ప్రీఆంప్ ట్యూబ్ (గిటార్ సిగ్నల్‌ను ముందుగా పెంచేది) క్యాథోడ్ అనే కొస దగ్గర సాధారణంగా 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. 60ల చివరి మార్షల్ లీడ్ ఆంప్‌లలో అది 0.68 మాత్రమే. విలువ తగ్గిస్తే బాస్‌కు గెయిన్ (సిగ్నల్ పెంపు) తగ్గి, వాల్యూమ్ పెంచినప్పుడు డిస్టార్షన్ ముద్దగా కాకుండా పదునుగా వస్తుంది. నేనైతే మొదట ఇదొక్కటే చేస్తాను. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి, ఖర్చు పెద్దగా ఉండదు.

మీ ఆంప్‌లో 6ఎల్6 పవర్ ట్యూబులు (స్పీకర్‌ను నడిపేవి) ఉంటే, వాటిని తీసేసి మార్షల్‌లలో వాడే ఈఎల్34 ట్యూబులు పెట్టాలనే తొందర వద్దు. ఒక్కోదాని హీటర్ కరెంటు 0.9 నుంచి 1.5 ఆంపియర్లకు పెరుగుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోకపోవచ్చు. బయాస్ (ట్యూబులో ఊరకే పారే కరెంటును నిర్ణయించే సెట్టింగ్) కూడా మళ్లీ సెట్ చేయాలి.

ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా కూడా నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ ఆంప్‌లు తెలిసిన టెక్నీషియన్‌తోనే చేయించండి, తీసిన పాత పార్టులు అడిగి తీసుకోండి.