రక్తం తీసేటప్పుడు పేషెంట్ కళ్లు తిరిగి పడిపోతే: సిబ్బందికి ఏం నేర్పాలి?

మీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఏం నేర్పాలని అడిగారు. ముందుగా, సూదితో పాటు పేషెంట్ మొహం కూడా చూడటం నేర్పండి. సూది భయంతో కొందరికి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకు రక్తం చాలదు. అంతకుముందే మొహం పాలిపోతుంది, చెమటలు, ఆవలింతలు వస్తాయి. వెంటనే చేతికి కట్టిన పట్టీ వదిలి, సూది తీసి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తాలి. కుర్చీలోనే నిటారుగా పట్టుకుని ఉంచడం పెద్ద తప్పు. కొన్ని సెకన్లు చేతులు కొట్టుకున్నా ఫిట్స్ అనుకుని కంగారుపడి చేతిలో తాళాలు పెట్టొద్దు, తెలివి రాకముందే నోట్లో నీళ్లు పోయొద్దు. నిమిషంలో తేరుకోకపోతే డాక్టర్‌ని పిలవాలి. ఊపిరి లేకపోతే సీపీఆర్ (ఛాతీ మీద గట్టిగా నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి. ఇది చెబితే రాదు, ఒకరిని పేషెంట్‌లా కూర్చోబెట్టి చేయించండి. ఇంతకుముందు ఇలా కళ్లు తిరిగినవాళ్లకైతే పడుకోబెట్టే రక్తం తీయాలి.