బాబు మీద ఒట్టేసినా నాలుగో రోజుకే ఆగిపోతోంది, నాకు పట్టుదలే లేదా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కరీంనగర్ దగ్గర చిన్న టౌన్‌లో ఉంటాం. డీఎడ్ చేశాను, 2024 డీఎస్సీలో ఎస్జీటీ (ప్రైమరీ టీచరు) పోస్టు కొద్దిలో పోయింది. అప్పటినుంచి ఎన్ని టైమ్‌టేబుళ్లు వేసుకున్నానో లెక్కే లేదు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి చదవాలనుకుంటాను. మూడు రోజులు లేస్తాను, నాలుగో రోజు బాబుకు జ్వరమో, చుట్టాలో, ఇక అంతే. తర్వాత రాత్రి 12 దాకా రీల్స్ చూస్తూ నన్ను నేనే తిట్టుకుంటాను. పోయిన నెల బాబు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను, అదీ నిలబెట్టుకోలేదు. ఆదివారం బాబును తను చూసుకుంటానని మా ఆయన అంటారు, ఫ్రెండ్ ఫోన్ రాగానే బండి తీస్తారు. పైగా అందరి ముందూ 'దీనికి మొదలుపెట్టడమే వచ్చు' అంటారు. మిఠాయి ముందు పెట్టుకుని ఆగిన పిల్లలే పెద్దయ్యాక పైకొచ్చారని ఒక వీడియో కూడా ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటవుతుందంటారు కదా, నాకు ఆ 21 రోజులే రావట్లేదు. విల్‌పవర్ పెరగాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఒట్టు సంగతి. మీరు రాయలేదు కానీ, అది తప్పాక బాబు తుమ్మినా మీ గుండె ఝల్లుమంటూ ఉంటుంది. మీ ఒట్టుకీ పిల్లాడి జ్వరానికీ ఏ సంబంధం లేదు, ఇంకెప్పుడూ అలా వేయకండి. ఒట్టేస్తే భయం పెరుగుతుందే గానీ చదువు పెరగదు. భయంతో పుస్తకం తీసినవాళ్లు పది నిమిషాలకే ఫోన్ తీస్తారు, ఆ భయం మరచిపోవడానికి చేతికందేది అదే కాబట్టి.

ఇక మీ టైమ్‌టేబుల్. రాత్రి 12కి పడుకుని 4కి లేస్తే నిద్ర నాలుగు గంటలు. ఆ తర్వాత టిఫిన్లు, బాక్సులు, బాబు స్కూలు, మిగతా ఇంటిపని. అలా మూడు రోజులు లేచారంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది! నాలుగో రోజు మొరాయించింది మీ ఒళ్లు, దాన్ని తప్పుపట్టలేం.

అసలు దెబ్బ పడుతోంది ఆ నాలుగో రోజు తర్వాత. ఒక్క రోజు పోయింది కదా అని వారమంతా వదిలేస్తున్నారు, నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు. ఇది మీ ఒక్కరికే ఉన్న రోగం కాదు. జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ అనే సైకాలజిస్టులు డైటింగ్ చేసేవాళ్లలో దీన్ని ఏళ్ల తరబడి గమనించారు. ముందు ఒక మిల్క్‌షేక్ తాగించి ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తే, డైటింగ్‌లో ఉన్నవాళ్లు తక్కువ తినాలి కదా, ఏమీ తాగనివాళ్లకంటే ఎక్కువే తిన్నారు, ఎలాగూ ఈ రోజు నియమం తప్పింది కదా అని. అంటే మీకు చేటు చేసింది ఆ ఒక్క రోజు కాదు, 'ఇక అంతే' అన్న ఆ రెండు మాటలు. అన్నట్టు ఆ 21 రోజుల లెక్క కూడా పక్కన పెట్టేయండి. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది, ఇంకొందరికి 254 రోజులు పట్టేలా కనిపించింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా ఏమీ రాలేదు.

మీ ఆయన పెట్టిన వీడియో గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అది వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు స్టాన్‌ఫర్డ్‌లో చేసిన మార్ష్‌మాలో (ఒక రకం మిఠాయి) ప్రయోగం. వెంటనే తింటే ఒకటే, కాసేపు ఆగితే రెండు అని పిల్లలకు చెప్పి చూశారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకున్నాక, ఆగడానికీ పెద్దయ్యాక పైకి రావడానికీ ఉందన్న సంబంధం చాలావరకు తగ్గిపోయింది. నాకు ఇంకా నచ్చింది 2013లో సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు చేసిన ఇలాంటి ప్రయోగమే. మిఠాయి పెట్టకముందే కొందరు పిల్లలకు 'మంచి బొమ్మలేసుకునే సామాను తెస్తా'నని చెప్పి ఒట్టి చేతులతో వచ్చారు, మిగతావాళ్లకు చెప్పినట్టే తెచ్చిచ్చారు. ఆ తర్వాత మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ల దగ్గర మూడంటే మూడు నిమిషాలు. మాట మీద నమ్మకం లేనిచోట ఎవరాగుతారు చెప్పండి?

మీ ఇంట్లో ఆదివారం జరిగేది అదే. మీరు మీకిచ్చుకునే మాటల సంగతీ అంతే, ఇన్నిసార్లు తప్పాక మీ మాట మీద మీకే నమ్మకం పోయింది. కిరాణా కొట్టులో పాత బాకీ ఉన్నవాళ్లకు పెద్ద సరుకు అరువివ్వరు కదా. కాబట్టి చిన్నదే అడగండి.

4 గంటల అలారం తీసేయండి. బాబును ఆటో ఎక్కించి ఇంట్లోకి రాగానే, టీ కూడా పెట్టుకోకముందే కూర్చుని 20 బిట్లు చేయండి. అంతే, ఇంకా చేయాలనిపిస్తే మీ ఇష్టం. 'బాగా చదవాలి' అనుకోవడం కంటే 'ఫలానా పని అవ్వగానే ఫలానా చోట కూర్చుంటా' అని ముందే ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ లాంటి సైకాలజిస్టులు చాలాకాలంగా చెబుతున్నదే. జ్వరం వచ్చిన రోజుకు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి: బాబు పడుకున్నాక ఐదు బిట్లు. అదీ కుదరకపోతే ఆ రోజు సెలవు, మర్నాడు మళ్లీ 20, పాత బాకీ కలిపి 40 చేయొద్దు.

ఫోన్ ఛార్జర్ బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి మార్చండి, అలారానికి మామూలు గడియారం ఒకటి కొనుక్కోండి. క్లాసులు యూట్యూబ్‌లోనే ఉన్నాయంటారా, టీవీలో పెట్టుకుని వినండి. పక్కన ఫోన్ పెట్టుకుని దాన్ని తాకకుండా ఉండటం నావల్ల కూడా కాదు, నిజంగా చెబుతున్నా.

ఒక్కమాట. రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం లాంటివి కూడా ఉంటే అది పట్టుదల సమస్య కాకపోవచ్చు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మీ ఆయనతో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి. నలుగురిలో అన్న మాటకు బాధపడ్డానని ఒక్కసారి చెప్పి వదిలేయండి, దాని మీద వాదన పెట్టుకుంటే అసలు విషయం పక్కకు పోతుంది. ఆదివారమంతా కూడా అడక్కండి. 'పొద్దున 10 నుంచి 12 వరకు బాబు మీ దగ్గరే, ఆ రెండు గంటలు బండి తాళాలు నా దగ్గర' అని నవ్వుతూనే అడగండి. రెండు ఆదివారాలు అయ్యాక ఎలా ఉందో నాకు రాయండి.