సాగినా ఒడ్డున పరాయి కిక్కిస

ప్రశ్న: మాది కొల్లేటి లంక గ్రామం. ఇప్పుడు మిషిగన్‌లో సాగినా అఖాతం దగ్గర ఉంటున్నాం. ఇక్కడి ఒడ్డున మన కిక్కిస లాంటి గడ్డి రెండు నిలువుల ఎత్తు పెరిగి, నీళ్లు కనపడనివ్వడం లేదు. ఇది పరాయి మొక్క అనీ, ఉపగ్రహంతో దీని పటం తయారు చేశారనీ విన్నాను. అంత పైనుంచి ఒక గడ్డిని మరో గడ్డి నుంచి ఎలా వేరుచేస్తారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ పోలిక సరైనదే. కొల్లేటి కిక్కిస ఫ్రాగ్మైటిస్ కర్కా అయితే, మీ ఒడ్డున ఉన్నది దాని దాయాది ఫ్రాగ్మైటిస్ ఆస్ట్రాలిస్. అయితే కొల్లేటిది అక్కడి నేలకు చెందిన మొక్క. మీ దగ్గర ఒడ్లను కమ్ముకుంటున్నది ఐరోపా నుంచి వచ్చిన రకం. అదే జాతికి అమెరికాలో అనాదిగా ఉన్న స్థానిక రకం కూడా ఉండడం, రెండూ చూపుకు ఒకేలా కనిపించడం వల్ల, 2002లో జన్యు పరిశోధన వెలువడేదాకా ఈ చొరబాటు స్పష్టంగా తేలలేదు.

మామూలు ఛాయాచిత్రంలో జమ్ముగడ్డీ కిక్కిసా రెండూ పచ్చగానే కనిపిస్తాయి. అందుకే మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జపాన్ ఉపగ్రహం ఆలోస్ మీది రాడార్‌ను ఆశ్రయించారు. దాదాపు 24 సెంటీమీటర్ల పొడవున్న దాని తరంగం ఆకులను దాటి లోపలికి వెళ్తుంది. మొదళ్లలో నీరు నిలిచి ఉంటే ఆ నీటికీ నిటారు కాడలకూ తగిలి బలంగా తిరిగివస్తుంది. 2008–2010 మధ్య వసంతం, వేసవి, శరత్తులలో తీసిన చిత్రాలను పోల్చి, నేల మీద తిరిగి సరిచూసి, అయిదు మహా సరస్సుల అమెరికా తీరం వెంట 10 కిలోమీటర్ల లోపలి వరకు పటం సిద్ధం చేశారు.

ఆ పటంలో 0.2 హెక్టారు, అంటే సుమారు అర ఎకరం, కన్నా చిన్న దుబ్బులకు చోటు లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే తేలికగా అదుపు చేయగలిగేది ఆ చిన్న దుబ్బులనే. అవి పటానికి ఎక్కేంత పెరిగాక ఏళ్ల తరబడి శ్రమపడాలి. పైగా ఒడ్డు ఉన్నచోట ఉండదు. 2013 జనవరిలో మిషిగన్ సరస్సు, మీ అఖాతం ఉన్న హ్యూరాన్ సరస్సుల మట్టం రికార్డు స్థాయికి పడిపోయింది. అలా నీరు వెనక్కి తగ్గినప్పుడల్లా బయటపడే బురద మీదికి ఈ గడ్డి పాకుతుంది.

పటంలోని ఆ లోటును పూడ్చగలిగింది మీలాంటి వారే. శరత్తు చివర ఒక కాడను పట్టి చూడండి. స్థానిక రకానికి ఆకుతొడుగు వదులై రాలిపోయి, కింద కాడ నున్నగా, ఎర్రగా కనిపిస్తుంది. పరాయి రకానికి తొడుగు చలికాలంలోనూ అంటిపెట్టుకునే ఉంటుంది, కాడ గరుకుగా, వెలసిన గడ్డి రంగులో ఉంటుంది. ఫోన్‌లో ఆ చోటును గుర్తించి, కాడ ఫొటోతో స్థానిక తీర సంరక్షణ సిబ్బందికి పంపండి. పెరకడానికి మాత్రం ప్రయత్నించవద్దు. భూమిలో మిగిలిన దుంపవేరు ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. ఆ బురదలో తిరిగిన చెప్పులను అక్కడే శుభ్రం చేసి ఇంటికి బయలుదేరండి.