గసగసాల చేలో నెత్తురెక్కడిది?

అమ్మాయీ,

వ్యాసం అందింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1873లో పారిస్ పక్కన ఆర్జాంతెయ్ దగ్గర వేసిన ఎర్ర పాపీల (గసగసాల జాతి పూల) పొలం బొమ్మ గురించి ఆరు పేజీలు రాశావు. రెండు పేజీలు హాయిగా చదివాను. మూడో పేజీలో ‘ఈ పూలు నెత్తుటి చుక్కలు, రాబోయే మరణానికి ప్రతీకలు’ అన్నావు. కాగితాలు పక్కన పడేసి, కాఫీ తాగి, కోపం తగ్గాక మళ్లీ తీశాను.

ఆ పువ్వు యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా మారింది మొదటి ప్రపంచ యుద్ధం తరవాత. అప్పటికి బొమ్మ వేసి నలభై ఏళ్లు దాటింది. మోనే భార్య కమీల్ పోయింది 1879లో. బొమ్మలో గొడుగు పట్టుకున్న ఆవిడ కమీలే అనుకున్నా, ఆ ఎండలో నడిచేనాటికి ఇంకా ఆరేళ్ల ఆయుష్షుంది. ఆ సంగతి నీకు తెలుసు, మోనేకి తెలియదు. నీకు తెలిసినదాన్ని ఆయన కుంచెకి అంటగడితే ఎలా?

పుస్తకాలు మూసి బొమ్మ చూడు. అర మీటరు ఎత్తు కాన్వాసు, పైన సగం మబ్బుల ఆకాశం. గట్టు మీద ఒక తల్లీ బిడ్డా. కింద, మనకి దగ్గరగా, మళ్లీ ఒక తల్లీ బిడ్డా. వాళ్లే దిగి వచ్చారా, వేరేవాళ్లా? మొహాలుంటే తేలిపోయేది. అవి సరిగ్గా వెయ్యలేదు. ముందున్న పూలకి రేకుల్లేవు, ఉండాల్సిన దానికంటే పెద్ద ఎర్ర మచ్చలు, అంతే. గట్టు మీంచి ఇక్కడిదాకా నడిచిన ఆ కాస్త సేపే నాకు దిగులు పుట్టిస్తుంది. దానికి ప్రతీక అక్కర్లేదు, వెలుతురు చాలు.

ఈ ప్రతీకల పిచ్చి నీ తప్పు కాదులే. మా రోజుల్లో కాకి అరవందే కథ అచ్చయ్యేది కాదు. మా అమ్మ బావి దగ్గర బట్టలుతికే కథ ఒకటి పంపితే, ‘ప్రతీక లేదు’ అని ఒక సంపాదకుడు నాలుగు నెలల తరవాత తిప్పి పంపాడు. తెగిన చేంతాడు ఒకటి ఇరికించి పంపాను. వెంటనే వేశాడు! ఆ చేంతాడుని మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. మా అమ్మ మాత్రం చదివి, “మన చేంతాడు ఎప్పుడు తెగిందిరా?” అంది. ఆ కథని ఇప్పటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఐదో పేజీలో ‘అదే గడ్డి తల్లికి నడుము దగ్గర ఆగింది, పిల్లాణ్ణి సగానికి పైగా దాచేసింది’ అన్నావు. అది రాసిన మనిషివి మూడో పేజీ ఎలా రాశావో నాకు అర్థం కాలేదు. ఆ మూడో పేజీ కొట్టేసి మళ్లీ పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్లు అంతంత మాత్రం.