కడుపుతో ఉన్న అమ్మాయికి చేప పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి ఐదో నెల, పుట్టింటికి తీసుకొచ్చాం. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు చేపే. చేపల్లో పాదరసం, సీసం ఉంటున్నాయని వాట్సాప్‌లో చూసి అల్లుడు గారు పూర్తిగా మాన్పించమంటున్నారు. కాన్పయ్యాక పాలు పడటానికి సొరచేప పిట్టు పెట్టాలనుకున్నాను, అదీ వద్దంటారా? మా ఆయన వలలు కడతారు, సీసం కరిగించి వలకు బరువుగా కట్టే గుళ్లు కూడా పెరట్లోనే పోసుకుంటారు. ఆయనేమో ‘మేమంతా తిని పెరగలేదా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేప మాన్పించకండమ్మా. ఏ చేప పెడుతున్నారో మాత్రం చూసుకోండి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు, అయోడిన్, మంచి ప్రోటీన్ మూడూ చేపలో ఉన్నాయి. భయపడి మానేస్తే అమ్మాయికి నష్టం.

అలాగని అల్లుడు గారిది ఉత్త భయం కాదు. బొగ్గు పొగలోంచి, ఫ్యాక్టరీల్లోంచి వచ్చే పాదరసం నీళ్లలో చేరితే, అడుగు బురదలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. నాచులోంచి చిన్న చేపకు, చిన్న చేపలోంచి పెద్ద చేపకు పోయేకొద్దీ అది పేరుకుంటుంది. తల్లి తిన్నది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి రక్తంలో కంటే బొడ్డుతాడు రక్తంలోనే ఎక్కువ కనిపిస్తుంది కూడా. జపాన్‌లోని మినమాటాలో 1956లో ఈ జబ్బు బయటపడింది. అక్కడ పైకి బాగానే ఉన్న తల్లులకు సైతం మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. అది ఒక ఫ్యాక్టరీ నేరుగా సముద్రంలోకి వదిలిన విషం, మన పరిస్థితి దానితో పోల్చేది కాదు. అయినా గర్భిణుల విషయంలో మేం ఇంత పట్టుబట్టేది ఆ పిల్లల వల్లే.

పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి కడిగితే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. పాదరసం చేప కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి వేపినా, పులుసు పెట్టినా అంతే. ఎండబెడితే నీరు మాత్రమే పోతుంది, పాదరసం ఉండిపోతుంది.

ఇక సొర సంగతి. శరీర బరువులో కిలోకి వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ దాటకూడదన్నది అంతర్జాతీయ నిపుణుల లెక్క. 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములు. పెద్ద సొరల్లో కిలోకి ఒక మిల్లీగ్రాము ఉండటం అరుదేమీ కాదు. అలాంటిది వంద గ్రాములు తింటే 100 మైక్రోగ్రాములు చేరి, ఆ వారం కోటా అయిపోయినట్టే. కాబట్టి కాన్పయ్యేదాకా సొర, కొమ్ముకోనాం, పెద్ద వంజరం, పెద్ద సూర వద్దు. బాలింతప్పుడు పాలల్లోకి దిగేది తక్కువే, చిన్న పాలసొరలో ఉండేదీ తక్కువే. అయినా నన్నడిగితే బొచ్చె ముక్కలతో పిట్టు చేసి పెట్టండి. పాలు పడటానికి కావాల్సింది కడుపునిండా తిండి, నీళ్లు, బిడ్డ తరచుగా రొమ్ము పట్టడం.

నెత్తళ్లు, కవళ్లు, శీలావతి, బొచ్చె, రొయ్యలు వారానికి రెండు మూడుసార్లు నిశ్చింతగా పెట్టండి. పులస దొరికితే అదీ మంచిదే. అది వేటాడే చేప కాదు, నీటిలో తేలే సన్నటి జీవులను (ప్లాంక్టన్) తిని బతుకుతుంది. చెరువులో పెంచిన పండుగప్ప, కొర్రమీను ఎప్పుడన్నా ఒకసారి పర్లేదు. మొప్పలు, పేగులు, కాలేయం, పీత డిప్పలోని పసుపుపచ్చ గుజ్జు మాత్రం తీసేయండి. కాడ్మియం అనే మరో విష లోహం, సీసం చేరేది ఎక్కువగా అక్కడే. కాడ్మియం మన కిడ్నీల్లోకి చేరితే ఏళ్ల తరబడి పోదు.

మీరు మామూలుగా రాసేసిన గుళ్ల సంగతే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. మీ ఇంటికి చేప తెచ్చే సీసం కంటే ఆ పొయ్యి దగ్గర లేచే సీసం చాలా పెద్ద ప్రమాదం. కరిగేటప్పుడు బూడిద లాంటి తెట్టు పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పక్కన కొట్టినప్పుడు లేచే ధూళి కంటికి ఆనదు. అవే లుంగీకి, చేతులకి, పెరటి మట్టికి పట్టుకుని వంటింట్లోకి వస్తాయి. వలకు గుళ్లు బిగించేటప్పుడు పంటితో నొక్కే అలవాటు కూడా కొందరికి ఉంటుంది. సీసం మాయ దాటుతుంది, పిల్లల తెలివితేటల మీద దెబ్బ కొడుతుంది. ఇంతవరకు ఫర్వాలేదు అనే సురక్షితమైన మోతాదు దానికి లేదు. మీ ఆయన ఆరోగ్యంగానే కనిపించొచ్చు. కానీ పెద్దవాళ్లలో సీసం ఎముకల్లో దాక్కుంటుంది, బీపీని, కిడ్నీలను మెల్లగా పాడుచేస్తుంది.

కనుక ఈ రోజు నుంచే ఆ పని ఇంటి ఆవరణలో ఆపించండి. కొన్న గుళ్లే వాడమనండి. వాటిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. పొయ్యి చుట్టూ ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. అమ్మాయిని ఆ పక్కకు రానివ్వకండి. ఐరన్, కాల్షియం మాత్రలు మానకుండా వేయించండి. ఆ రెండూ తక్కువైతే ఒంట్లోకి సీసం ఎక్కువగా ఎక్కుతుంది.

అమ్మాయికీ, మీ ఆయనకీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే అమ్మాయి రిపోర్టు మీ గైనకాలజిస్టుకు, ఆయనది ఫిజీషియన్‌కు చూపించండి. లోహాలను కడిగేస్తామంటూ అమ్మే డీటాక్స్ పొడుల జోలికి మాత్రం వెళ్లకండి. ల్యాబువాళ్లు ప్యాకేజీలో మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష కూడా కలిపితే, దానికి నాలుగు రోజుల ముందు నుంచి చేప, రొయ్య ఆపండి. లేకపోతే చేపలో ఉండే హానిలేని ఆర్సెనిక్ వల్ల రిపోర్టులో అంకె పెరిగి, ఊరికే కంగారుపడతారు.